పురుగుల ఇంటి గడప దాటని సలహా

1964 జూన్‌లో చింతామణిలోని ఒక ప్రైవేటు కళాశాలలో తర్కశాస్త్ర అధ్యాపకుడిగా చేరాను. కొద్దిరోజులకే విద్యార్థి సలహాదారు పదవి కూడా నెత్తిన పడింది. విద్యార్థుల కష్టసుఖాలు విని దారి చూపే మనిషి ఒకడు ప్రతి కళాశాలలోనూ ఉండాలని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. తర్కం చెప్పేవాడికి మనసుల సంగతి తెలియకుండా ఉంటుందా అన్నది మా ప్రిన్సిపాల్ గారి తర్కం.

సలహాల గదిని ఆయన తన గది పక్కనే పెట్టించారు. మనసులో బాధ గుట్టుగా చెప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? బయట ఒక బెంచీ. జవాను కోర్టులో పిలిచినట్టు పేరు పెట్టి కేకేసేవాడు. ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి మతి చెడిందనో, అమ్మాయికి ఉత్తరం రాసి పట్టుబడ్డాడనో సాయంత్రానికి ఊరంతా తెలిసేది. దాంతో నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. మన విద్యార్థులకు కష్టాలే లేవని ప్రిన్సిపాల్ గారు సంతోషించారు.

ఫిబ్రవరిలో ఒకడు దొరికాడు. దిబ్బూరహళ్ళి నుంచి వచ్చి ఆఖరి సంవత్సరం బి.ఎ. చదివే నారాయణస్వామి. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. గూడు కట్టే ముందు పురుగు రాత్రింబవళ్లు ఆకు మేస్తుంది. ఒక్క మనిషి తగ్గినా పంట దక్కదు. ఆ వారం సెలవు అడిగితే కళాశాలలో ఇచ్చేవారు కాదు, వాడు తరగతికి వచ్చేవాడు కాదు. పంట పంటకీ అలా హాజరు తరిగిపోయి, పరీక్షకు కూర్చోనివ్వని స్థితికి వచ్చింది. ఆ లోటును మాఫీ చేసే అధికారం ప్రిన్సిపాల్‌ది. దానికి సలహాదారు సిఫారసు కావాలి, తండ్రి స్వయంగా హాజరు కావాలి.

తండ్రి మునిశామప్పకు కబురు చేశాం. పురుగు ఆఖరి మేతలో ఉంది, రాలేనన్నాడు. ఇంట్లో పని ఉండి కొడుకు రాలేదని చెప్పడానికి, అదే పని వదిలేసి తండ్రి రావాలన్నమాట. ఈ ఏర్పాటులో ప్రిన్సిపాల్ గారికి వంక కనిపించలేదు. మర్నాటితో గడువు అయిపోతుంది. పైగా సలహా పథకం కింద చూపించుకోవడానికి మాకు ఒక్క కేసు కూడా లేదు. అందుకని సలహానే ఊరికి తీసుకెళదామని ఆయన నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

మునిశామప్ప ఆకుల బుట్టతో వచ్చి పురుగుల ఇంటి గడప దగ్గరే మమ్మల్ని ఆపాడు. ప్రిన్సిపాల్ గారి వేళ్ల మధ్య నశ్యం ఉంది.

"తప్పు పట్టుకోవద్దప్పా. పొగాకు ఘాటు తగిల్తే పురుగు సస్తాది. స్నానం చేసి గుడ్డలు మార్చుకోని లోపలికి రాండి. బయట కూసోని మాట్లాడే యాళ గాదిది" అన్నాడు.

అందరినీ తన గది బయట నిలబెట్టే మనిషి ఆ పూట ఎండలో నిలబడిపోయారు. నేను బావి దగ్గర నీళ్లు పోసుకుని, వాళ్లిచ్చిన పంచె కట్టుకుని లోపలికి వెళ్లాను. నారాయణస్వామి నిద్రలేని కళ్లతో తట్టల మీద ఆకు పరుస్తున్నాడు. ఇక నేను అడగవలసింది ఏమీ మిగలలేదు. బయటికొచ్చి సిఫారసు రాశాను.

మాఫీ కుదరదన్నారు ప్రిన్సిపాల్ గారు. తండ్రి కార్యాలయానికి రాలేదట. బస్సెక్కేటప్పుడు గుర్తులేని కార్యాలయం గడప దగ్గర గుర్తొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. కక్షకు నిబంధన అని పేరు పెట్టవద్దని ముఖం మీదే అన్నాను. ఆయన ఇంకాస్త నశ్యం పీల్చారు.

నారాయణస్వామి ఆ ఏడు పరీక్ష రాయలేదు. సంగతి చెబితే వాడు ఆకు పరుస్తూనే జవాబిచ్చాడు.

"నేను సలహా యాడ అడిగినాను సార్? వారం దినాలు రజా అడిగినాను. అది ఇచ్చింటే సాలు."

వార్షిక నివేదికలో మాత్రం మా పథకం జయప్రదమైంది: విద్యార్థి ఇంటికే వెళ్లి సలహా ఇచ్చాం.

తర్వాత ఇంకొన్ని కళాశాలల్లో అదే బాధ్యత మోశాను. వచ్చినవాణ్ణి మొదట, నీకేం కావాలి అని అడిగేవాణ్ణి. సలహా కావాలన్నవాళ్లు చాలా తక్కువ.