పాపన్నపేట ఎండ్రకాయ

ఏ జీవుల జన్యుక్రమం చదవాలో తేల్చే మీటింగులో ఎండ్రకాయ పేరు చెప్పింది నేనొక్కదాన్నే. హైదరాబాద్ నుంచి వీడియోలో మాట్లాడుతున్నవాళ్లు అప్పటికే ఒక చిరుతను, ఒక గబ్బిలాన్ని, రెండు అడవి పూలను జాబితాలో చేర్చుకున్నారు. "పొలం గట్టు మీది ఎండ్రకాయా? దానివల్ల ఏమొస్తుందండీ?" అని ఒకాయన అడిగాడు. నీళ్లు ఇంకిపోయిన ఎండాకాలమంతా అది బొరియలో ఎట్లా బతుకుతుందో మనకు సరిగ్గా తెలియదని, పొలాల్లో ఇట్లాగే మందులు కొడుతూ పోతే కొన్నాళ్లకు వెతికినా దొరకదని చెప్పాను. జాబితాలో ఆఖరి పేరుగా దాన్ని రాసుకున్నారు.

అప్పటికి నేను మెదక్ వచ్చి రెండేళ్లు. విడాకులయ్యాక కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం వదిలేసి, ఈ ప్రాజెక్టుకు నమూనాలు సేకరించే పనిలో చేరాను. చర్చికి వెళ్లే దారిలో, కింద ఇంటి ఓనర్లు ఉండే మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. పని ఉన్న రోజు షేర్ ఆటోలో మంజీర ఒడ్డు ఊళ్లకు పోయేదాన్ని, లేని రోజు ఫారాలు నింపేదాన్ని. కొన్ని ఆదివారాలు నోరు తెరిచే అవసరమే వచ్చేది కాదు.

మొదటి ఎండ్రకాయ వృథా అయింది. కండ తీసి ఐసు పెట్టెలో పంపిస్తే దారిలో ఐసు కరిగిపోయింది. డీఎన్‌ఏ పోగులన్నీ తునకలైపోయాయని, పొడుగు పోగులుంటేనే చదవగలమని ల్యాబు వాళ్లు రాశారు. దేన్నయినా క్షణాల్లో గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ పంపిస్తామని, అది చేరేదాకా జీవిని ప్రాణాలతో ఉంచమని చెప్పారు. నాలుగైదింటిని కలిపితే చదివేటప్పుడు గందరగోళమవుతుంది. జాతి మొత్తానికి ఒక్కటే కావాలి.

పాపన్నపేట దగ్గర నాట్లేస్తున్న ఒకామె చెయ్యి మోచేతిదాకా బొరియలో పెట్టి ఒక ఎండ్రకాయను బయటికి లాగింది.

"గిది సాల్తదా మేడం? పులుసుకైతే ఇంకో నాలుగు వట్టిస్త."

"తిననీకె కాదమ్మా. దీని ఒంట్ల రాసున్నదంతా మొదటి సంది ఆఖరిదాంక సదువుతరు."

"సదివి ఏం జేస్తరు?"

"ఎండాకాలం గట్టు లోపల ఎట్ల బతుకుతదో తెల్సుకుంటరు."

ఆమె నవ్వింది. "గంతేనా? సప్పుడు జేయకుంట పండుకుంటది. నన్నడిగినా చెప్తుంటి గదా!"

మూడు రోజుల్లో వస్తుందన్న నైట్రోజన్ సిలిండర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. గదిలో ఒక ప్లాస్టిక్ టబ్బులో పొలం మట్టి, నీళ్లు పోసి దాన్ని ఉంచాను. మొదట్లో నా అడుగుల చప్పుడుకే మట్టిలో దూరేది. నాలుగో రోజుకల్లా, మెతుకులు వేసే వేళకు టబ్బు అంచు దగ్గరికి వచ్చి ఆగేది. దానితో మాట్లాడటం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పాను. కరెంటు పోయిందని చెప్పాను. ఒక సాయంత్రం, కోర్టు మెట్లు దిగుతూ నేనెందుకు వెనక్కి తిరిగి చూశానో కూడా చెప్పాను. ఆ సంగతి మా అక్కకు కూడా చెప్పలేదు.

ఏడో రోజు పొద్దున ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది.

"చుట్టాలెవలన్న వచ్చిండ్రా మేడం? మాటలు ఇనవడుతున్నయ్. మంచిగైంది, ఎప్పుడు జూసినా ఒక్కరే ఉంటుంటిరి."

"ఫోన్ల మాట్లాడుతున్న," అన్నాను, టబ్బు కనిపించకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆమె నా ముఖం వైపు కాసేపు చూసి దిగిపోయింది. ఆ రోజంతా నేను పెదవి విప్పలేదు.

సిలిండర్ ఒక మధ్యాహ్నం వచ్చింది. "జర జల్ది చేయుండ్రి మేడం, ఇంకో ఊరికి పోవాలె," అన్నాడు వ్యాన్ డ్రైవరు. నొప్పి తెలియకుండా ముందు ఐసునీళ్లలో ఉంచాలి. ఎన్నో జీవులకు చేసిన పనే. అది కదలడం మానేశాక కూడా నేను చాలాసేపు కత్తెర పట్టుకోలేదు. కింద నుంచి హారన్ మోగింది. కాళ్లలోని కండ తీసి, చిన్న గొట్టాల్లో నింపి, సిలిండర్లో దించాను. ఫారంలో నమూనా సంఖ్య, ఊరు, తేదీ రాశాను. 'జీవి స్థితి' అన్నచోట 'ఆరోగ్యం' అని రాయడానికి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. వ్యాన్ వెళ్లాక ఎవరికైనా ఫోన్ చేద్దామని నంబర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసి పక్కన పెట్టేశాను.

కొన్ని నెలల తర్వాత, బస్టాండు దగ్గర చాయ్ తాగుతుండగా ల్యాబు నుంచి మెయిల్ వచ్చింది. ఈసారి పోగులు తెగలేదు, క్రమమంతా చక్కగా కూడిందట, ఇక ప్రపంచంలో ఎవరైనా తీసి చదువుకోవచ్చట. నేను ఫోన్ పట్టుకుని నవ్వుతున్నట్టున్నాను.

"ఏంది మేడం, ఖుషీగున్నరు?" అన్నాడు చాయ్ పోసే పెద్దాయన.

"ఒక పని అయింది."

"మంచిగైంది," అని ఆయన పక్కవాళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఇంకో చాయ్ చెప్పాను. అది చల్లారేదాకా మెయిల్ మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చున్నాను.