ఆవంలో పెట్టిన పచ్చికుండ

ఈ పొద్దున మా ఇంట్లో మంచినీళ్ళ కుండ పగిలింది. పగలగొట్టింది నేనే. తెల్లవారకుండానే కరెంటు పోయిందన్న విసుగులో ఇత్తడి గ్లాసు విసురుగా ముంచాను, అంచు తగిలి మూతి దగ్గర నుంచి నిలువునా బీట తీసింది. చూసి కూడా చూడనట్టు వచ్చి వరండాలో కూర్చున్నాను. కాసేపటికి వంటింటి నిండా నీళ్ళు. మా కోడలు అంట్లు తోమే మనిషిని పట్టుకుని కేకలేసింది. ఆవిడ "నేను కుండ ముట్టుకోలేదండీ, నా పిల్లల మీద ఒట్టండీ" అంటూనే ఉంది. రేపటి నుంచి పనిలోకి రావద్దని కోడలు తేల్చి చెప్పేవరకూ నేను పేపరు చాటునే ఉన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గేటు దాటాక, అయ్యగారిని అడగండి అని ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిందే అని నా మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. అది ఇవాళ పుట్టిన కోపం కాదు. దానికి యాభై ఏళ్ళు దాటాయి.

ముప్పయ్యో దశకంలో మాట. తాడేపల్లిగూడెంలో స్కూలు ఫైనలు రెండోసారి కూడా తప్పాక, తండ్రి లేని నన్ను మా అమ్మ కొల్లేటి ఒడ్డున ఉన్న మా మేనమామ ఇంటికి పంపింది. అప్పటికి నాకు పందొమ్మిది వెళ్ళాయి. కులవృత్తి కుమ్మరమే అయినా కుండలు తిప్పే సారె మీద చెయ్యి పెట్టి ఎరగను. చదువుకున్నవాణ్ణి, ఈ మట్టి పని ఎంతసేపులే అనుకున్నాను. కొల్లేట్లో నీళ్ళు తీసిన వేసవిలో నల్లమట్టి తవ్వి దోనెల్లో తెచ్చి, ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కి తొక్కి వెన్నలా చేసిన ముద్దను సారె నడుమ పెట్టి తిప్పితే, అది మామయ్య చేతిలో కుండై లేచేది, నా చేతిలో మాత్రం తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగి కూలబడేది.

మామయ్య ఒట్టి కోపిష్టి. నేను ఎలాగో నిలబెట్టిన కుండను తడిదారంతో నిలువునా కోసి, రెండు బద్దలూ పక్కపక్కన పెట్టి అడుగు మందం చూపించేవాడు. "ఇది కుండట్రా? రోలు. పట్టుకెళ్ళి పచ్చడి నూరుకోమను మీ అమ్మని" అనేవాడు, చట్టీలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ వినేలా. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకి నా చెవులు కాలిపోయేవి. నెలల తరబడి రోజూ నా కుండలు మళ్ళీ మట్టిలో కలిసిపోతుంటే, ఆ మనిషి మీద పళ్ళు నూరుకుంటూ పడుకునేవాణ్ణి.

ఆ ఇంట్లో నన్ను చూసి నవ్వనిది మా పిన్ని ఒక్కతే. మామయ్యకు చెల్లెలు. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే అన్నగారింటికి వచ్చేసి మట్టి తొక్కుతూ ఉండిపోయింది. మాలో ఆడవాళ్ళు సారె ముట్టుకోరు. అయినా మట్టి గుణం ఆవిడకి తెలిసినంత మామయ్యకీ తెలియదేమో. మోచేతులు మోకాళ్ళకి ఆనించి పట్టుకోమని చెప్పింది ఆవిడే. "దాన్ని లొంగదీద్దామని చూడకురా. నువ్వు కదలకుండా ఉండు, అదే నడిమధ్యకి వస్తుంది" అనేది. కుండ నీడలో బాగా ఆరాకే ఆవంలో పెట్టి కాల్చాలనీ, పచ్చిది పెడితే అది పేలి పక్కవాటినీ బద్దలు చేస్తుందనీ చెప్పిందీ ఆవిడే. అంటే నేను చేసింది తెలియక చేసింది కాదు.

ఆ ఏడాది మాఘమాసంలో ఊళ్ళో పెద్ద రైతు ఇంట పెళ్ళి. నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పెళ్ళివారు మేళంతో కుమ్మరి ఇంటికి వచ్చి అరివేణి కుండలు తీసుకువెళ్ళేవారు, అవి వెళ్ళందే పందిట్లో పని సాగేది కాదు. మామయ్య వాటిని నన్ను తాకనివ్వలేదు. ఆ వారమంతా సారె దగ్గరికే రావద్దన్నాడు. ఆ కోపంలో, ఆయన ఆవానికి ఊక కోసం దోనెలో వెళ్ళిన పూట, నేనొక కుండ చేశాను. మూడు రోజులే ఆరింది, అదీ మబ్బుల్లో. ఆవం పేర్చేటప్పుడు ఎవరూ చూడకుండా దాన్ని పెళ్ళి కుండల మధ్య ఇరికించాను. విప్పేటప్పుడు వాటి నడుమ నాదీ ఎర్రగా మెరుస్తుంటే మామయ్య మొహం చూడాలని.

ఆవం ముట్టించేటప్పుడు పిన్ని ఎప్పుడూ పెరట్లోనే ఉండిపోయేది. ఆ రోజు గడ్డి చాలక, ఒక మోపు తెమ్మని ఆవిణ్ణి కేకేసింది నేనే. మధ్యాహ్నానికి లోపలి నుంచి ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. మామయ్య ఆ చప్పుడు వింటూ గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు.

మూడో రోజు విప్పితే పెళ్ళి కుండల్లో ఒక్కటీ మిగల్లేదు. మేళం వీధి మలుపు దాకా వచ్చేసింది. పెంకులు చూసి, పిన్ని గడ్డి మోసిన సంగతి విని, పెళ్ళివారి పెద్దావిడ, "బొట్టులేని మనిషి ఆవం ముందుకొస్తే ఇంకేమవుద్దండీ" అంది. మామయ్య ఆ మాట అందుకున్నాడు. పదిమందిలో తోడబుట్టినదాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను వంగి పెంకులు ఏరుతున్నాను. మందపాటివన్నీ నా తువ్వాల్లోకి ఏరుకుంటున్నాను. తల ఎత్తితే పిన్ని నన్నే చూస్తోంది, ఆవిడ చేతిలో కూడా ఒక పెంకు ఉంది. వారం తిరక్కుండా ఆవిణ్ణి చింతలపూడి వైపు దూరపు చుట్టాలింటికి బండెక్కించారు.

మట్టి తొక్కే మనిషి లేక ఆ పని నా మీద పడింది. అది చేశాకే నాకు చెయ్యి కుదిరింది, అడుగు పలచబడింది. మామయ్య మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు నాకు విషంలా ఉండేది, అయినా ఆయన బతికి ఉండగా నోరు విప్పలేదు.

ఆయన పోయాక చింతలపూడి వెళ్ళాను. పిన్ని ఎవరి చేలోనో కూలికి వేరుశనగ పీకుతోంది. కాళ్ళ మీద పడి చెప్పాను. "తెలుసురా. అంత మందం అడుగు ఆ ఇంట్లో ఇంకెవరిది? చెబితే నిన్ను వెళ్ళగొడతాడు, మీ అమ్మ ఏమైపోతుందని ఊరుకున్నాను" అంది. ఇంటికి రమ్మంటే రానంది. "నాతో చెప్పి ఏం లాభంరా, నాకు తెలిసిందేగా. ఆవేళ విన్నవాళ్ళకి చెప్పాల్సింది" అంది. అప్పటికి ఆ విన్నవాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళకైనా చెప్పలేదు నేను.

ఇప్పుడు ఆ ఒడ్డున కుమ్మరి ఆవాలు లేవు, చేపల చెరువులున్నాయి. పెళ్ళిళ్ళకి కుండలు బజారులో రంగులేసి దొరుకుతున్నాయి, కుమ్మరి ఇంటికి మేళం వెళ్ళడం మా మనవలు చూడనే లేదు. వితంతువు ఎదురొస్తే కుండ పగులుతుందనే వాళ్ళూ తగ్గారు. మంచిదే. తప్పు చేసి పేపరు చాటున కూర్చునేవాడు మాత్రం యాభై ఏళ్ళ తరవాత కూడా మా వరండాలోనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఎండలోనే కోడల్ని వెంటబెట్టుకుని రైలుగేటు అవతల ఆ అంట్లు తోమే ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళు వినేలాగే చెప్పాను, కుండ పగలగొట్టింది నేననీ, చూస్తూ ఊరుకున్నదీ నేననీ. కోడలు తల దించుకుంది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ మాట పొద్దున్నే అనుంటే సరిపోయేది కదండీ" అంది.

సరిపోయేదమ్మా అన్నాను.

వచ్చేటప్పుడు బజారులో కొత్త కుండ తీసుకున్నాను. బుజాన పెట్టుకునే ముందు, అలవాటు కొద్దీ, బోర్లించి అడుగు చూశాను.