హాల్లో వడ్డించనివ్వని సూపు

కిల్‌బ్రాకన్ రేవులో అట్రాక్టా గిల్డే నోటికి జంకనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లు బడి వంటగదిలో పనిచేసింది. ఏ పిల్లకి గుడ్డు పడదో, ఎవరికి పాలు పడవో వాళ్ల తల్లులకన్నా ముందు ఆమెకే తెలిసేది.

మొగుడు కానల్ ఎక్కిన పడవ సముద్రంలో తిరగబడిన రోజున రక్షణ పడవవాళ్లు అతన్ని ప్రాణాలతో ఒడ్డుకు చేర్చారు. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు బతికి, తన మంచంలోనే కన్నుమూశాడు. ఆ పదకొండేళ్ల రుణం తీర్చుకోవాలని ఏటా ఆగస్టులో అట్రాక్టా ఇంట్లోనే రెండు పెద్ద గిన్నెల నిండా చేపల సూపు కాచి, చర్చి హాల్లో అమ్మించి, వచ్చిందంతా చందాల మీదే నడిచే ఆ రక్షణ పడవకే ఇచ్చేది.

ఈసారి మొదటి గరిటె పడకముందే కౌంటీ ఆఫీసు నుంచి ఆహార తనిఖీ అధికారి వచ్చాడు. పేరు ఫింటన్ మల్‌హెర్న్. వచ్చీరాగానే గిన్నె మూత తీయించి సూపులో థర్మామీటరు ముంచాడు.

"ఎక్కడ వండారు మేడమ్?"

"మా ఇంట్లో. ఇంకెక్కడ వండుతాను, నడిసముద్రంలోనా?"

"ఆ వంటగది మా దగ్గర నమోదైందా?"

"మీరు పుట్టకముందు నుంచీ అక్కడే వండుతున్నాను."

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "చేపలు, పాలు, పీతలు. ఇవి ఇంట్లో వండి జనానికి అమ్మకూడదు. మొన్న ఈస్టరుకి పక్క ఊళ్లో ఇలాగే పదిహేడుమంది ఆస్పత్రి పాలయ్యారు."

"వాళ్ల వంట గురించి వాళ్లనడగండి. ముప్పై ఏళ్లు బడిలో నా చేతి కూడు తిని ఒక్క పిల్ల కడుపునొప్పి అనలేదు."

"బడి వంటగదికి అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. మీ ఇంట్లో చేపలకీ చేతులకీ కలిపి ఒక్కటే సింకు ఉంటుంది."

అట్రాక్టా హాలు కమిటీ పెద్ద యూజీన్ వైపు చూసింది. అతను కానల్ తమ్ముడు. టోపీ చేతిలో తిప్పుతూ గోడవార నిలబడి ఉన్నాడు.

"ఆయన మాట విను వదినా. బిస్కెట్లూ టీతో కానిచ్చేద్దాం. ఇంటి వంట అమ్మకూడదని పోయిన నెలలోనే ఉత్తరం పంపారు వీళ్లు."

"ఎవరికి?"

"నాకే. చెబితే నువ్వు గొడవ చేస్తావని ఊరుకున్నాను."

అట్రాక్టాకి అధికారి మీద కోపం ఒక్కసారిగా చిన్నదైపోయింది. "నెల ముందు చెప్పుంటే బడి వంటగది అడిగి తెచ్చుకునేదాన్ని యూజీన్. నా నోటికి భయపడి ఇంతమంది ముందు నా పరువు తీశావు."

గిన్నెలకు సీలు వేయబోతున్న అధికారిని పక్కకు నెట్టి, ఇద్దరు జాలర్లను పిలిచి వాటిని రేవు గట్టుకి మోయించింది. తనే పట్టుకుని ఒంపింది. సీగల్ పక్షులు అరుస్తూ నీళ్ల మీద వాలాయి.

"రేవులో పారబోయడం కూడా తప్పే మేడమ్" అన్నాడు వెనకే వచ్చిన అధికారి.

"అదీ రాసుకోండి. పేరులో రెండు 'ట'లు."

ఆ ఏడు రక్షణ పడవకి ముట్టింది బిస్కెట్ల డబ్బే. అట్రాక్టా ఆ చలికాలమంతా యూజీన్ గడప తొక్కలేదు. అతను క్రిస్మస్ కార్డు పంపితే కవరు చించకుండా తిప్పి పంపింది.

వసంతంలో బడి హెడ్మిస్ట్రెస్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంది. కౌంటీ ఆఫీసులో కావలసిన కాగితాలన్నీ పెట్టింది. ఆగస్టులో, యూజీన్ హాల్లో టీ పెట్టిన రోజునే బడిలో సూపు పెట్టింది. మల్‌హెర్న్ వచ్చి గంటసేపు వెతికాడు, తప్పు దొరక్క సంతకం చేశాడు. ఆమె అతనికి కుర్చీ కూడా చూపించలేదు.

మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయ్యాక యూజీన్ కూడా బడికి వచ్చి వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి గిన్నె చాచాడు.

"అయిపోయింది" అంది అట్రాక్టా.

పెద్ద గిన్నెలో సగానికి పైగా సూపు పొగలు కక్కుతూనే ఉంది. యూజీన్ దాన్ని చూశాడు, వదిన మొహం చూశాడు. ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అతని వెనక వరసలో ఉన్న మనిషిని ఆమె రమ్మని, గరిటె నిండా పోసింది.