కార్డు తీసి చూడమన్న అన్నయ్య

మా అన్నయ్యను వీధిలో అందరూ ‘నిదానం’ అనేవారు. పాస్‌పోర్టు సైజు ఫోటోకు వచ్చినవాళ్ల కాలరు సరిచేసి, గడ్డం కాస్త ఎత్తించి, మళ్లీ దించి, అప్పుడు గానీ నొక్కేవాడు కాదు. మా ఫోటో స్టూడియోలో కెమెరా ఆయనది, కంప్యూటరు నాది. కోపం కూడా నాదే.

ఫోటోలు ఎక్కించడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కెమెరాలోని మెమరీ కార్డు తెచ్చి పెట్టి ఫోటోలన్నీ కంప్యూటర్లోకి కాపీ చేయాలి. కార్డు బయటికి తీసేసి, అప్పుడు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఆ తర్వాతే కార్డు మళ్లీ పెట్టి చెరపాలి. తీయడమెందుకు, పెట్టడమెందుకు అని నాకు ఒళ్లు మండేది.

“నీ చాదస్తంతో చస్తున్నాను అన్నయ్యా.”

“తీసి చూడవే, నీ సొమ్మేం పోయింది” అని నవ్వేవాడు.

అమ్మకు ఎప్పుడో స్టవ్వు మంట ఎగసి ఎడమ చెంప కాలింది. ఫోటో అంటే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అలాంటిది డెబ్బయ్యో ఏట ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. “తీయరా. నాకు మాత్రం చూపించొద్దు. నేను పోయాక మీరు చూసుకోండి” అంది. అన్నయ్య పదకొండు తీశాడు. చివరిదానికి అమ్మ, అంతదాకా చెంపకు అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసింది.

కౌంటరు దగ్గర నలుగురు గొణుగుతున్నారు. ఉన్నదొక్కటే కార్డు, అన్నయ్య దాంతోనే స్కూల్లో గ్రూపు ఫోటోకు వెళ్లాలి. ఆ విసుగులో నేను మెనూలో ‘పేస్ట్’కు బదులు దాని కిందున్న ‘పేస్ట్ షార్ట్‌కట్’ నొక్కాను. అంటే కంప్యూటర్లోకి వచ్చినవి ఫోటోలు కావు, కార్డులో ఉన్నవాటికి దారి చూపే గుర్తులు. తెరిస్తే అమ్మ కనపడింది. కార్డు లోపలే ఉంది కదా, కనపడక ఏం చేస్తుంది. కార్డు చెరిపి అన్నయ్యకు ఇచ్చేశాను. సాయంత్రానికి ఆ కార్డు నిండా స్కూలు పిల్లలే.

అన్నయ్య వచ్చి అమ్మవి తెరవమన్నాడు. ఒక్కటీ తెరుచుకోలేదు.

“కార్డు తీసి చూశావా?”

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కుర్చీ లాక్కుని ఒక్కొక్కటీ తనే మళ్లీ నొక్కి చూశాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రిపేరువాడికి చూపిస్తే, మీద కొత్తవి ఎక్కాక పాతవి రావన్నాడు.

అమ్మను మళ్లీ కూర్చోమని అడిగాడు. “ఒకసారి కూర్చున్నాగా. బాగా రాలేదా ఏంటి?” అంది. “బాగా వచ్చాయమ్మా” అన్నాడు. నిజం చెప్పాలంటే చెల్లెలి పేరు చెప్పాలి. ఆ చెప్పేదేదో నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

రెండేళ్లకు అమ్మ పోయింది. దండ వేయడానికి ఫోటో లేదని, చూడడానికి వచ్చిన మేనమామ అందరి ముందూ అన్నయ్యను నిలదీశాడు.

“ఊరందరినీ తీశావు. కన్నతల్లి ఫోటో ఒక్కటి తీయడానికి తీరిక లేకపోయిందట్రా నీకు?”

అన్నయ్య తల దించుకున్నాడు. “తీయలేదు మామయ్యా. తప్పే” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. మామయ్యకు మంచినీళ్ల గ్లాసు అందించి లోపలికి వెళ్లిపోయాను.