అత్త మొహానికి తగిన కెమెరా

మా ఇంట్లో కెమెరా ముందు కూర్చున్నవాళ్ళే తప్ప కెమెరా చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు. ఫొటోగ్రాఫరు సామాను మోయించుకుని ఇంటికి వచ్చేవాడు. తాతగారు చేతుల కుర్చీలో కూర్చునేవారు. మిగిలినవాళ్ళు వరస ప్రకారం చుట్టూ నిలబడేవారు. ఆ కుర్చీ పోయింది, ఇల్లు పోయింది, పద్మనాభం ఊరి దగ్గరి పొలాలూ పోయాయి. ఇప్పుడు పాత పోస్టాఫీసు దగ్గర ఒక అద్దె వాటాలో నేనూ మా మేనత్తా ఉంటున్నాం. కిటికీ మీద వేలు పెడితే పోర్టు బొగ్గు ధూళి అంటుకుంటుంది. గోడ మీది ఫొటోలను మాత్రం రోజూ తుడుస్తాం.

ఆ ఫొటోల్లో ఒక్కదానిలోనూ అత్త లేదు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. పెళ్ళి ఫొటో అత్తవారే ఉంచేసుకున్నారు. ఆ తర్వాత ఫొటోగ్రాఫరు వచ్చినప్పుడల్లా తాతగారు, "నువ్వు లోపలికెళ్ళి కాఫీ సంగతి చూడమ్మా" అనేవారట. భర్త పోయిన ఆడది ఫొటోలో ఉండకూడదని ఆయన నమ్మకం. వచ్చిన ఫొటోగ్రాఫర్లందరూ ఆవిడ చేతి కాఫీ తాగారు. ఆవిడ మొహం ఒక్కడూ తియ్యలేదు.

కంటి ఆపరేషనయ్యి చూపు తేటపడ్డాక అత్త గోడ ముందు నిలబడి ఒక్కో ఫొటోనూ చాలాసేపు చూసింది. "నాకూ ఒకటి తియ్యరా. పోయాక ఏటి పెడతావ్, ఆధార్ కార్డా?" అంది.

అప్పుడక్కడే ఉన్నాడు మా చెల్లెలి భర్త. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. స్టీలు ప్లాంటులో ఉద్యోగం, లోకంలో ఉన్న ప్రతి వస్తువు గురించీ సలహా. "దానికేటి అత్తా!" అంటూ ఫోను తీసి నొక్కేశాడు. తెర మీద ముడతలు లేవు, గడ్డం కింద మచ్చ లేదు, బుగ్గలు మైనపుబొమ్మలా మెరుస్తున్నాయి. అత్త దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవర్రా ఈ పిల్ల? దీనికి నా సీర ఎవరిచ్చారు?"

స్టూడియోకి తీసుకెళ్ళొచ్చు కదా అని అన్నవాళ్ళున్నారు. మా వాళ్ళెప్పుడూ స్టూడియో మెట్లెక్కలేదు. పైగా ఈనాటి స్టూడియోవాళ్ళ పని నాకు తెలుసు. సముద్రపొడ్డున పెళ్ళికొడుకును మోకాళ్ళ మీద నిలబెట్టి, పెళ్ళికూతురు కొంగును ఒక మనిషి చేత గాల్లోకి విసిరించి, దాన్ని కళ అంటారు. ఒక ముసలావిడ ఉన్నది ఉన్నట్టుగా కావాలంటే, "కొంచెం రంగు తేలేలా చేద్దామా సార్?" అంటారు. అందుకని కెమెరా నేనే కొనాలనుకున్నాను.

బావ నన్ను స్కూటరెక్కించుకుని డాబా గార్డెన్స్‌లో ఒక కెమెరా షాపుకి తీసుకెళ్ళాడు. ఆయనకొక పెద్ద కెమెరా ఉంది, పక్షుల కోసమని కొన్నాడు. ఇంతవరకూ తీసింది క్వార్టర్స్ డాబా మీద వాలిన కాకుల్నే.

"మెగాపిక్సెల్ సూడు బావా, జూమ్ సూడు. సంద్రుడి మీద గుంటలు కనిపించాలి."

"చంద్రుడితో నాకేం పని?"

షాపువాడు నా చొక్కా వైపు చూసి, బావ వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు. బర్డ్సా, వ్లాగింగా, ట్రావెలా అని అడిగాడు. మనిషిని తీస్తానంటే, అదొక రకమా అన్నట్టు చూశాడు. అతను చూపించిన మొదటి కెమెరాకి కన్ను ఆనించే చోటే లేదు. చేతులు చాపి, వెనక తెర చూస్తూ తియ్యాలి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ ముందు జనం అలాగే నిలబడతారు, హారతి పళ్ళెం పట్టుకున్నట్టు. ఆ వంగడాలూ ఊగడాలూ నా వల్ల కాదన్నాను.

రెండోదానితో బావనే తీశాను. బావ మొహం వెన్నముద్దలా వచ్చింది. ఆయన మురిసిపోయాడు.

"స్కిన్ స్మూత్ సార్, ఆటోమేటిక్" అన్నాడు షాపువాడు.

"ఆ స్మూత్ తీసెయ్యండి."

"దీన్లో అది పోదు సార్. ఎవరూ తీసెయ్యమనరు."

"అందరి సంగతీ నాకెందుకు?"

విసుక్కుంటూ అద్దాల బీరువా అడుగు అరలోంచి ఇంకోటి తీశాడు. పాత మోడల్, ఎవరూ అడగడం లేదట. కన్ను ఆనించి చూడొచ్చు. జూమ్ లేని పొట్టి లెన్సు, ఫ్లాష్ లేకుండా మసక వెలుతుర్లో కూడా తీస్తుందన్నాడు. మా గదిలో ఉన్నది ఆ వెలుతురే. బావను షాపు మూలకు, లైటు సరిగా పడని చోటికి పంపి నొక్కాను. చెంప మీద బ్లేడు గీరుకున్న చోటు, కళ్ళ కింద ఉబ్బు, ముక్కు పక్క గుంటలు అన్నీ ఉన్నాయి.

"ఛీ, ఇదేటి కెమెరా బావా! మీసానికేసిన రంగు కూడా పట్టేసింది!"

"ఇది ఇవ్వండి" అన్నాను.

ఊరికే ఇస్తామన్న సంచీ అక్కడే వదిలేశాను. కంపెనీ పేరు భుజాన వేసుకుని ఊరేగే అలవాటు మాకు లేదు. కెమెరాతో పాటు వచ్చిన పుస్తకం తలకెక్కలేదు. కిటికీ దగ్గర నీళ్ళ బిందెను పెట్టి, దాని సొట్టలు స్పష్టంగా పడేదాకా తీస్తూ నేర్చుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న వెలుతురు బాగుందని అత్తను పిలిచాను. ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద దుప్పటి కప్పబోతే కసిరింది. "కుర్సీ ఒగ్గెయ్యి. నాను కనబడితే సాలు." కొంగు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మా వాళ్ళందరూ అలాగే కూర్చునేవారు. నేను కన్ను ఆనించాను. నొక్కబోతుంటే అంది:

"కాఫీ సంగతి ఇయ్యాల నువ్వు సూసుకో. నాను లెగను."

అప్పుడే నొక్కాను. నవ్వు కాదది, నవ్వుకి ముందుండేది. ముడతలన్నీ ఉన్నాయి, మచ్చ ఉంది. అత్త తెర మీద ఆ మచ్చను వేలితో తడిమింది. తర్వాత, "ఇది నానే" అంది.

ఫ్రేము కట్టించి తెచ్చిన రోజు బావ కూడా వచ్చాడు. తాతగారి పక్కన జాగా చూస్తుంటే అడ్డుపడ్డాడు. "బతికున్న మనిషి ఫొటో పోయినోల్ల పక్కన ఎట్టకూడదు బావా. మంచిది కాదు."

"పక్కనెందుకు?" అంది అత్త. "ఎదురుగా కొట్టు మేకు. మా నాన్న సూడాల."

తాతగారి గురించి నా ముందు ఎవరూ అలా మాట్లాడలేదు. మాట్లాడితే ఊరుకునేవాణ్ణీ కాదు. సుత్తి తీసుకుని ఎదురు గోడ దగ్గరికి వెళ్ళాను. అక్కడ వంటగది గుమ్మం ఉంది. దాని పైన, తాతగారి చూపు సరిగ్గా ఆనే చోట, మేకు కొట్టాను.