ఉపేందర్ సారు రాసిన ఒక స్కాన్

“అపార్ట్‌మెంటోళ్ల పిల్లలకే తలకాయలుంటయా సారూ? మా పిల్లలకేమన్న బోండాలుంటయా?”

నాచారంలో బిస్కెట్లు ప్యాక్ చేసే ఎలిజబెత్, ఆర్‌ఎంపీ ఉపేందర్‌ను అడిగిన మాట ఇది. ఆమె కూతురు దీవెన మెట్ల మీంచి పడి నుదుట బొప్పి కట్టించుకుంది. ఉపేందర్ కళ్లలో టార్చి వేసి చూసి, “ఏం గాదు చెల్లె, ఐస్ పెట్టు, కనిపెట్టుకొని ఉండు, వాంతులైతే తీస్కరా” అని పంపేయబోయాడు. అంతకు ముందే, ఆమె కళ్ల ముందే, సోఫా మీంచి కార్పెట్ మీద పడ్డ త్రివేణి కొడుక్కి తల స్కాన్ రాసిచ్చాడు.

త్రివేణిది పీర్జాదిగూడలో అపార్ట్‌మెంటు. పిల్లల డాక్టరు దగ్గర టోకెన్ దొరకని రోజు ఇక్కడికి వస్తుంది. “ఒకసారి తీయించేస్తే టెన్షన్ ఉండదు కదండీ” అంటుంది. ఆ ఒకసారి అప్పటికి మూడోసారి. పిల్లాడికి తెలిసిన అక్షరాలకంటే వాడి తల ఫిల్ములే ఎక్కువ.

ఉపేందర్‌కు స్కాన్ రాసే అర్హత లేదు. ఉప్పల్ రోడ్డులోని స్కాన్ సెంటర్‌కు అది అడిగే అలవాటూ లేదు. చీటీ మీద అతని స్టాంపు ఉంటే చాలు, నూటికి ముప్పై అతని వాటా. జనగామ వైపు నుంచి వచ్చి, ఎవరి దగ్గరో కంపౌండరుగా చేసి, సొంతంగా బోర్డు పెట్టుకున్న మనిషి. దుకాణం అద్దె ఆ వాటాలోంచే కడతాడు. ఊరికే స్కాన్‌లు తీస్తే పసివాళ్ల ఒంట్లోకి రేడియేషన్ పోతుందని అతనికి తెలుసు. కూలీల పిల్లలకు అతను రాయకపోవడానికి కారణం మాత్రం ఆ తెలివి కాదు, వాళ్ల జేబు. పేదరికం పిల్లల్ని రేడియేషన్ నుంచి కాపాడుతోందని ఎవరైనా చప్పట్లు కొట్టబోతే కాస్త ఆగాలి. స్కాన్ నిజంగా అవసరమైన రోజున కూడా అది అలాగే కాపాడుతుంది.

ఆ రోజు మర్నాడే వచ్చింది. దీవెన వరసగా వాంతులు చేసుకుంది. పిలిస్తే పలకకుండా తూలిపోతోంది. ఈసారి ఉపేందర్ టార్చి ఒకటికి రెండుసార్లు వేసి చూశాడు.

“పెద్ద దవాఖానకు పోదామా సారు? ఆడ పైసల్లేకుండ తీస్తరంట.”

“ఆ ఫ్లైఓవర్ పిల్లర్ల కింద ట్రాఫిక్ల ఎప్పుడు చేరుతవు తల్లీ? ఈడ్నే తీపిద్దాం. పైసలు నేను కడత, మెల్లగ ఇద్దువు.”

చీటీ రాసి, కంగారులో ఎప్పటిలాగే స్టాంపు గుద్ది, పిల్లను భుజాన వేసుకుని తానే ఆటో ఎక్కాడు. ఇరవై అయిదు వందలు కట్టాడు. గంటకు రిపోర్టు వచ్చింది: లోపల దెబ్బ లేదు, రక్తం లేదు. ఉపేందర్ కుర్చీలో కూలబడ్డాడు.

ఎలిజబెత్ ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, కళ్లు తుడుచుకుని, అప్పుడు లెక్కల్లోకి దిగింది.

“ఏం లేదా?”

“ఏం లేదు.”

“ఏం లేదని చెప్పెటందుకు ఇరవై అయిదు వందలా?”

“మరి ఏమన్న ఉంటె బాగుండెనా?”

“గట్లెందుకంట సారూ! గని జర ఎక్కువనే గుంజిన్రు.”

సాయంత్రానికి దీవెన లేచి చిప్స్ అడిగింది. జీతం వచ్చాక ఎలిజబెత్ అయిదు వందలు పట్టుకుని క్లినిక్‌కు వచ్చింది. అదే సమయానికి స్కాన్ సెంటర్ మనిషి మహిపాల్ కవరుతో దిగాడు.

“అన్నా, ఈ నెల రెండే. త్రివేణి మేడం కొడుకుది ఏడువందల యాభై, దీవెనది ఏడువందల యాభై.”

ఉపేందర్‌కు స్టాంపు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎలిజబెత్ నోటు చటుక్కున గుప్పిట్లో మూసింది.

“నా బిడ్డ తలకాయ మీద నీకు కమీషనా సారూ?”

“అవి నా పైసలే చెల్లె! నేను కట్టినయే తిరిగొచ్చినయి!”

“అయితె నీయి నీకు ముట్టినయి గద. నా బాకీల కొట్టెయ్.”

మహిపాల్ గోడ వైపు తిరిగి నవ్వాడు. ఉపేందర్ కాసేపు వాదించి, మెట్ల మీద రోగులు వింటున్నారని గ్రహించి ఒప్పుకున్నాడు. ఎలిజబెత్ గుప్పిట విప్పి అయిదు వందలు బల్ల మీద పెట్టింది.

ఆమె ఇంకా పన్నెండువందల యాభై రూపాయలు ఇవ్వాలి.