ఫార్మాట్ కొట్టనివ్వని డిజైన్లక్క

డిజైన్లక్కతో వాదన పెట్టుకుని సుఖంగా ఇంటికెళ్ళినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. అరుస్తుందని కాదు, అసలు గొంతే పెంచదు. ఎదుటివాడు చెప్పేదంతా వింటుంది, ఆఖర్న ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ ఒక్కటి చాలు.

ఆవిడ బతుకంతా కుట్టుపనే. మొదట్లో చేత్తో కుట్టేది. మిషన్లొచ్చాయి, ఇక చేతిపని అయిపోయినట్టే అన్నారు అందరూ. మరి ఆ మిషన్‌కి పువ్వు ఎలా ఉంటుందో ఎవరు చెబుతారు అని అడిగింది. కంప్యూటర్ చెబుతుందన్నారు. సరే అని పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని, ఆ పదో తరగతి చదువుతోనే, మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి తనంతట తనే నేర్చుకుంది. కాగితం మీద గీయడం, దాన్నే తెర మీద కుట్టు తర్వాత కుట్టు పేర్చడం, పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కి తగిలించడం. దిండు గలీబుల అంచులు, బడి చొక్కాల జేబుల మీద గుర్తులు, పసిపిల్లల గౌన్ల మీద బాతులు. పదకొండేళ్ళలో పద్నాలుగు వందల పైచిలుకు డిజైన్లు. పద్నాలుగు వందలంటే మాటలా? ఒక్కటి కూడా ఎక్కణ్ణుంచీ ఎత్తుకొచ్చింది కాదు.

ఒకరోజు పొద్దున అవన్నీ పోయాయి. ఫోల్డర్ల పేర్లయితే ఉన్నాయి, కానీ ఒక్కోదాని మూల చిన్న బాణం గుర్తు. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. జాగ్రత్తకని పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న నకళ్ళదీ అదే గతి. డిజైన్లక్కకి గుండె జారిపోయింది.

మొగుడు వెంటనే తమ్ముణ్ణి పిలిచాడు. వీధి చివర కంప్యూటర్ షాపు ఆ తమ్ముడిదే. కంప్యూటర్ సంగతుల్లో ఆ ఇంట్లో అతని మాటే శాసనం. అతనొచ్చి, నాలుగు చోట్ల నొక్కి చూసి, పెదవి విరిచాడు.

"వార్మ్ వదినా, ఒక రకం వైరస్. పెన్‌డ్రైవ్‌ల వెంట ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకుతుంది. మీ డిజైన్లన్నీ తినేసింది. ఫార్మాట్ కొట్టడమే."

"కొడితే ఏమవుతుంది?"

"డిస్కంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి పెడతాను. సాయంత్రం ఆరింటికొచ్చి పట్టుకెళ్తా."

"మరి నా డిజైన్లు?"

"అవెలాగూ పోయాయి కదా వదినా."

"వాడి పనే అది, వాడికి తెలీదా? నువ్వు అడ్డం పడకు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు మొగుడు. అడ్డం పడకూడదట. కళ్ళు పోయేలా కుట్టు కుట్టూ పేర్చింది ఆయనా, ఆవిడా?

ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు గనక కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత మొహం కడుక్కుని మళ్ళీ తెర ముందు కూర్చుంది. డిస్కు ఎంత నిండిందో చూపించే నీలం పట్టీ ఒకటుంటుంది. జాగా చాలదేమోనన్న బెంగతో రోజూ దాన్ని చూసుకోవడం ఆవిడకి అలవాటు. నిన్న ఎంతవరకు ఉందో ఇవాళా అంతవరకే ఉంది. దొంగలు సామానంతా ఎత్తుకుపోతే గది ఖాళీ అవ్వాలిగా? మరిదికి ఫోన్ చేసి అదే అడిగింది.

"అదంతే వదినా. అవన్నీ మీకర్థం కావు" అన్నాడతను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. ఆరింటిదాకా టైముంది కదా అని ఫోన్ ముందేసుకుని వెతకడం మొదలుపెట్టింది. అర్థం కాని మాట తగిలితే దాన్నీ వెతికి చదివింది. తీరా చూస్తే ఈ రకం వార్మ్ ఏదీ తినదట. అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి పేర్లతో ఉత్తుత్తి బాణాలు పెడుతుందట. దాచినవి చూపించమనే సెట్టింగు మార్చింది. ఏమీ రాలేదు. సిస్టం ఫైళ్ళని దాచే సెట్టింగు ఇంకోటుందని తెలిసి, దాన్నీ తీసేసింది. వెలిసిపోయిన రంగులో ఫోల్డర్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. అమ్మయ్య, బాతులున్నాయి.

వాటిని మామూలుగా మార్చిన పది నిమిషాలకే మళ్ళీ మాయమయ్యాయి. వార్మ్ ఇంకా బతికే ఉంది. ముందు దాని పని పట్టాలి, సర్దుకోవడం ఆ తర్వాత. యాంటీవైరస్ తెరిస్తే ఏడాదిగా దానికి అప్‌డేట్లే లేవు. కంప్యూటర్‌కీ లేవు. "ఊరికే స్లో చేస్తాయి వదినా" అని మరిదే ఆపేసి పోయాడు. ఆవేళ తనూ పీడా పోయిందనుకుంది, అందులో తన తప్పూ ఉంది. ముందు యాంటీవైరస్‌ని అప్‌డేట్ చేసి డిస్కునీ, తన పెన్‌డ్రైవ్‌నీ గాలించమంది. దొరికింది. పేరు కాగితం మీద రాసుకుని తీయించేసింది. తర్వాత మిగతా అప్‌డేట్లు ఎక్కించింది. కంప్యూటర్ మూడుసార్లు ఆగి మొదలైంది, ఆ మూడుసార్లూ ఆవిడ అన్నం మాటే తలుచుకోలేదు. ఫోల్డర్లని మళ్ళీ మామూలుగా మార్చింది. ఐదున్నరకి డిజైన్లన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి.

ఆరింటికి అన్నదమ్ములిద్దరూ కలిసే వచ్చారు. ఆవిడ తెర చూపించింది. మరిది మొహం చిట్లించాడు.

"పైకి అలాగే కనబడతాయి వదినా. నా దాంతో ఒకసారి చూడనివ్వండి" అని తన పెన్‌డ్రైవ్ తగిలించాడు.

తెర మీద ఎర్రగా హెచ్చరిక లేచింది. ఆవిడ కాగితం తెచ్చి పక్కన పెట్టింది. రెండు చోట్లా అదే పేరు.

"నిన్న సాయంత్రం ఫాంట్లు వేస్తానని నువ్వు పెట్టింది ఈ పెన్‌డ్రైవే కదూ?"

"షాపుకొచ్చే వాటన్నిటికీ ఇదే పెడతాను" అన్నాడు మరిది, వినీ వినబడకుండా.

మొగుడు తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరేయ్, రెండేళ్ళ కిందట నాన్న ఫోటోలు పోయినప్పుడూ ఇలా బాణాలే వచ్చాయి. తినేసిందని ఫార్మాట్ కొట్టావు. అప్పుడు కూడా అవి లోపలే ఉన్నాయా?"

మొగుడు మంచం మీద కూలబడ్డాడు. కానీ ఆయన్ని ఓదార్చడానికి అప్పుడు టైము లేదు. ఆవిడ మరిది వైపు తిరిగింది.

"ఇప్పుడు నీ షాపులో ఫార్మాట్‌కి ఎన్నున్నాయి?"

"నాలుగు. వెనకింటి టీచరమ్మది కూడా ఉంది. రేప్పొద్దున కొట్టాలి."

"షాపు తాళం ఇలా తే. వాళ్ళవి వాళ్ళకి తీసిచ్చేదాకా ఎవరూ ఏదీ కొట్టరు."

"వదినా, ఇది నలుగురికీ తెలిస్తే నా షాపు పరువేం కాను?"

"పోనీ. పరువు మళ్ళీ సంపాదించుకోవచ్చు. మీ నాన్న ఫోటోలు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

మరిది తాళంచెవులు బయటికి తీశాడు గానీ ఆవిడ చేతికివ్వలేదు. మొగుడు మంచం మీంచి లేచి, తమ్ముడి గుప్పిట విప్పి, వాటిని తీసి పెళ్ళాం చేతిలో పెట్టాడు.